ఇరవై ఏడు అంగలు

నా చిన్నప్పుడు ఒకసారి మా ఊరిని కట్టేశారు. ఇప్పుడు విమానాలు దిగే చోటికి మా చేను కోసెడు దూరం కూడా లేదు గానీ, ఆ రోజుల్లో అక్కడ చప్పుడంటే ఎడ్లబండిదే. ఆ వానాకాలం ఊళ్లోకి గత్తర వచ్చింది. కలరాను మావైపు గత్తర అంటారు. పది రోజుల్లో మా వాడలోనే ముగ్గురు పోయారు. అప్పుడు పెద్దలు కూర్చుని, డప్పు కొట్టించి, తొండుపల్లికి పోయే బండ్లబాట మీద వేపమండలు అడ్డం వేయించారు. లోపలున్నవాళ్లు మండ దాటకూడదు, బయటున్నవాళ్లు లోపలికి రాకూడదు. కొత్తగా ఎవరికీ రోగం తగలకుండా తొమ్మిది రోజులు గడిస్తేనే మండలు తీస్తారు. మా దగ్గర ఊరు కట్టడమంటే అదే.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మండలకు లోపల నేనూ మా తాతా, బయట మా అమ్మ.

అమ్మ కాన్పుకని షాద్‌నగర్ అవతల ఉన్న పుట్టింటికి పోయింది. బాపు వెళ్లి ఆమెను, రెండు నెలల తమ్ముడిని బండిలో తీసుకొస్తుంటే సరిగ్గా మండల దగ్గర ఆపేశారు. వెనక్కి పొమ్మంటే అమ్మ పోలేదు. బాపుతో కలిసి తొండుపల్లిలో చిన్నమ్మ ఇంట్లో దిగింది. బాపు అక్కడ పనికి పోతే, ఆమె రోజూ పొద్దు వాలే వేళకు తమ్ముడిని చంకనేసుకుని వచ్చి బాట మీద నిలబడేది. మొదటి సాయంత్రం ఆమెను చూడగానే నేను మండల మీదికి ఉరికాను. తాత నా అంగీ వెనక నుంచి పట్టుకున్నాడు. అంగీ చిరిగింది గానీ తాత వదల్లేదు.

మా తాత మనుషులతో తక్కువ, నేలతో ఎక్కువ మాట్లాడే మనిషి. చుట్టుపక్కల ఎవరి చేను కొలవాలన్నా ఆయన్నే పిలిచేవాళ్లు. గొలుసు లేదు, కట్టె లేదు, అంగలతోనే కొలిచేవాడు. ఆయన అంగ పొద్దున ఎంతో సాయంత్రమూ అంతే. ఆ రోజు ఆయన నన్ను తిట్టలేదు. అమ్మ నిలబడ్డ చోట ఒక రాయి పెట్టుకొమ్మని ఆమెకు చెప్పి, అక్కడి నుంచి కంటితో అంచనా కట్టి, మండలకు ఇవతల అంగలేస్తూ వెనక్కి నడిచి ఇరవై ఏడో అంగ దగ్గర ఇంకో రాయి పెట్టాడు.

"మీ అమ్మ రాయి కదలదు. నీ రాయి కదుల్తది. దినానికి మూడంగలు. మంచిగుంటేనే."

తొమ్మిది మూళ్లు ఇరవై ఏడని నాకు అప్పటికే తెలుసు. ఎప్పుడొస్తుందో తెలియని అమ్మ ఒక్కసారిగా లెక్కలోకి వచ్చింది. ఏడుపు ఆగిపోయింది.

ఈ సంగతి ఇప్పుడు రాయడానికి కారణముంది. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచి ఏడాది దాటింది. ఈ వానాకాలం ఆ విమానాల్లోనే స్వైన్‌ఫ్లూ దిగిందని ఊరంతా హడలిపోతోంది. మెడికల్ షాపుల్లో మాస్కులు దొరకడం లేదు. మా గల్లీలో పిల్లల మెడల్లో కర్పూరం, యాలకులు మూటకట్టి వేలాడదీశారు. నా బిడ్డ విమానాశ్రయంలో, బయటి దేశాల వాళ్లు దిగే హాల్లో శుభ్రం చేసే పని చేస్తుంది. ఆమెకు జ్వరం వచ్చింది, పరీక్షలో అదేనని తేలింది. మందులిచ్చి, జ్వరం తగ్గాక ఏడు రోజులు ఇంట్లోనే వేరుగా ఉండమని దవాఖానవాళ్లు చెప్పారు. ఆమె ముందుగదిలో పరదా వెనక ఉంటోంది. ఆమె కొడుకు, రెండేళ్లవాడు, వంటింటివైపు మా ఆవిడ దగ్గర. పాలవాడు పాకెట్ గోడ మీద పెట్టి, పిలవకుండానే పోతున్నాడు.

నేను ఏడో తరగతితో ఆగినవాణ్ణి. గోడ చూసి ఇటుకలెన్ని పడతాయో మేస్త్రీలకు చెప్పడం నా పని. ఎవరూ నేర్పలేదు, అలవాటుగా వచ్చింది. మనవడు మొదటి రోజు పరదా పట్టుకుని వేలాడుతుంటే నాకు తెలియకుండానే నేల మీది షాబాద్ బండలు లెక్కపెట్టాను. పరదా నుంచి వంటింటి గడప దాకా ఏడు. వాడి చిన్న పీట తెచ్చి ఏడో బండ మీద వేశాను. రోజుకో బండ దగ్గరికి. పరదా కొంచెం జరిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని మా బిడ్డ అక్కడి నుంచే వాడితో ఆడేది. ఆట నాది కాదని, మా తాతదని ఆమెకు చెప్పలేదు.

తాత దగ్గరికే వస్తాను. రోజూ పొద్దున ఆయన అడిగేది ఒకటే మాట.

"కడుపెట్లుంది?"

"మంచిగుంది."

సాయంత్రం రాయి మూడంగలు జరిగేది. ఇరవై నాలుగు, ఇరవై ఒకటి, పద్దెనిమిది. పన్నెండు దగ్గర తమ్ముడి మొహం కనిపించింది. తొమ్మిది దగ్గర బుగ్గ మీది దిష్టిచుక్క కనిపించింది. పగలంతా కూర్చుని నేను వాడికి తాటాకుతో గిలక్కాయ అల్లాను. లోపల నాలుగు కందిగింజలు. ఇప్పుడు నాకు తెలుసు, గత్తర గాలిలో ఎగిరి రాదు, నీళ్లలోంచి, చేతుల్లోంచి వస్తుంది. మా తాతకు అది తెలియదు. ఆయన అంగలు రోగాన్ని ఆపలేదు, నన్ను ఆపాయి.

ఎనిమిదో రోజు పొద్దున నాకు కడుపులో తిప్పింది. చెలకలోకి నాలుగుసార్లు పోయాను. ప్రతిసారీ మట్టి కప్పి, చుట్టూ చూసి వచ్చాను. వాడలో పోయిన ముగ్గురికీ ఇలాగే మొదలైందని నాకు తెలుసు. ఇంకో సంగతి కూడా తెలుసు: చెబితే రాయి మళ్లీ మొదటికి పోతుంది. తాత చద్దన్నం ముందుపెట్టి అడిగాడు. మంచిగుందన్నాను. ఒకే పళ్లెంలో తిన్నాం.

ఆ సాయంత్రం రాయి ఆరో అంగ దగ్గరికి వచ్చింది. మండల ఆకులు ఎండి ముడుచుకుపోయి, వాటి సందుల్లోంచి అమ్మ కాళ్లు కనిపిస్తున్నాయి. ఆమె తమ్ముణ్ణి నా వైపు తిప్పి పట్టుకుంది.

"అగో, అన్నొచ్చిండు సూడు. ఏందిరా నీ చేతుల?"

"గిలక్కాయ. తమ్మునికి."

"ఓయబ్బో, గింత పనిమంతుడివా! ఇటు ఇసురు కొడుకా. దొరికిందల్లా నోట్లె పెట్టుకుంటుండు, గిది చప్పరించుకుంట కూసుంటడు."

నేను చెయ్యి ఎత్తాను. ఆరంగలు ఎంత, నేను అంతకు పదింతల దూరం రాయి విసిరేవాణ్ణి. కందిగింజలు చప్పుడు చేశాయి. ఆ చప్పుడుకు తమ్ముడు నోరు తెరిచాడు. వాడి నోట్లో ఒక్క పన్ను కూడా లేదు, ఎర్రటి చిగుళ్లు. నా చెయ్యి పొద్దుటి నుంచి ఏమేం ముట్టిందో నాకొక్కడికే తెలుసు.

అమ్మ మళ్లీ పిలిచింది. చెయ్యి పైనే ఉంది. ముందుకూ రాదు, కిందికీ దిగదు. ఎంతసేపలా నిలబడ్డానో లెక్క తెలియదు. నా బతుకులో నేను లెక్కపెట్టనిది బహుశా ఆ కాసేపే. తర్వాత నా నోట్లోంచి ఒక్క మాట వచ్చింది.

"నాలుగుసార్లు."

అమ్మకు అర్థం కాలేదు. తాతకు అయింది. ఆయన నా చేతిలోంచి గిలక్కాయ తీసుకోలేదు, నన్ను కొట్టలేదు. వంగి నా రాయి ఎత్తుకుని, అమ్మవైపే మొహం పెట్టి, ఒక్కో అంగ గట్టిగా లెక్కపెడుతూ వెనక్కి నడిచాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. నేను ఆయన వెంబడి ఏడుస్తూ నడిచాను. ఇరవై ఏడు దగ్గర రాయి పెట్టేసరికి దిష్టిచుక్క పోయింది, తమ్ముడి మొహం పోయింది, అమ్మ చీర రంగు మిగిలింది. అటు నుంచి ఆమె ఏడుపు వినిపించింది.

మర్నాటికి నా కడుపు సర్దుకుంది. పెద్దలు వచ్చి చూసి, ముందురోజు తిన్న పచ్చి పల్లీల పని అది, గత్తర కాదని తేల్చారు. ఊరి లెక్క ఆగలేదు. నేను తాత కాళ్లు పట్టుకున్నాను. పల్లీలేనట, రాయి మళ్లీ ఆరుకు జరుపుదామన్నాను.

తాత ఉరిమినట్టు కాదు, నిజంగా తెలియక అడిగినట్టు అడిగాడు. "నిన్న పొద్దుగాల మంచిగుందన్నవ్. గా నోటితోనే ఇయ్యాల పల్లీలంటున్నవ్. రెండిట్ల నేను దేన్ని లెక్కల పెట్టాలె, బిడ్డా?"

నేను ఆయన కాళ్లు వదిలేశాను. అప్పుడాయన ఇంకో రాయి వెతికి తెచ్చి నా రాయి పక్కన పెట్టాడు.

"గిది నాది. నీతోని ఒక్క పళ్లెంల తిన్న. నాకు మాత్రం లెక్క ఉండొద్దా?"

పదో రోజు ఊరు తెరిచారు. మండలు తీసి కాల్చేశారు. బండ్లు కదిలాయి, మనుషులు అటూ ఇటూ నడిచారు. అమ్మను ఆపేవాళ్లు ఎవరూ లేరు. నన్నూ ఎవరూ పట్టుకోలేదు. అయినా ఆ సాయంత్రం మేం ముగ్గురం మా మా రాళ్ల దగ్గర నిలబడ్డాం. మా మధ్య ఇరవై ఒక్క అంగలు, ఆ అంగల్లోంచి ఊరి జనం పోతున్నారు. పక్కింటి పెద్దమ్మ నెత్తి మీద గంపతో ఆగి నవ్వింది.

"ఏం మామా, ఊరంత ఇడిస్తే నువ్వొక్కనివి కట్టేసుకున్నవా? ముసలితనానికి పంతులువైనవా ఏంది?"

అమ్మే అటు నుంచి అంది, "మా లెక్క ఇంక తెగలే అక్కా. నువ్వు జర పక్కకు జరుగు, పోరడు కనిపిస్తలేడు."

ఆ మాటతో నా కోపం సగం పోయింది. మిగతా సగం పోవడానికి ఏడు రోజులు పట్టింది. ఎవరూ కాపలా లేని ఆ ఏడు రోజులు ముందటి ఎనిమిది రోజులకంటే పొడుగు. చివరి సాయంత్రం తాత నా రాయిని అమ్మ రాయికి ఆనించి పెట్టి, పక్కకు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. అమ్మ నన్నెత్తుకునేంత చిన్నవాణ్ణి కాదు, అయినా ఎత్తుకుంది. ఎండిపోయిన ఆ గిలక్కాయను తాత పొయ్యిలో వేశాడు. నేను చేతులు బూడిదతో రుద్దుకుని కొత్తది అల్లాను.

ఈరోజు మా ఇంట్లో ఆరో రోజు. పీట రెండో బండ మీదికి వచ్చింది. పొద్దున మా బిడ్డ థర్మామీటర్ పరదా కిందినుంచి జరిపితే చూశాను, నూరుకు ఒక్క గీత తక్కువ. ఐదు రోజులుగా అంత లేదు.

"చాయ్ తాగిన బాపూ, నోరు వేడిగున్నది. జరాగి మళ్ల పెడత, గప్పుడు రాసుకో."

అరగంట ఆగి మళ్లీ పెట్టింది. ఈసారి మామూలుగానే ఉంది. కాలెండర్ వెనక నేను గీసుకున్న గళ్లలో ఆ పొద్దుటి గడి ఖాళీగా ఉంది. చాయ్ నిజమే కావచ్చు. గ్లాసు నేనూ చూశాను. రేపు నర్సమ్మ వస్తే వాకిట్లోనే నిలబడి అడుగుతుంది, మనం చెప్పిందే రాసుకుని పోతుంది. లోపలికి వచ్చి ఎవరూ చూడరు.

గడిలో రెండంకెలూ రాశాను. తర్వాత పీట ఎత్తి ఏడో బండ మీద పెట్టాను. మనవడు నేల మీద పడి ఏడ్చాడు. "నీది గుండెనా, బండనా?" అని వంటింట్లోంచి మా ఆవిడ అంది. మధ్యాహ్నం పరదా దగ్గర అన్నం పళ్లెం పెడితే మా బిడ్డ ముట్టలేదు. నేను నా కుర్చీ తెచ్చి, పీట పక్కనే, ఏడో బండ మీద వేసుకుని కూర్చున్నాను. మేస్త్రీలు రెండుసార్లు ఫోన్ చేశారు. ఆ పీట పరదా దాకా జరిగేవరకు నేనూ ఇంటి గడప దాటనని చెప్పాను.

కూర్చుని ఎవరికని లేకుండా ఈ కథంతా పైకి చెప్పాను. మనవడికి అర్థం కాదు గానీ, ఏడుపాపి, కథలో గిలక్కాయ వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. చాలాసేపటికి పరదా కదిలింది. పళ్లెం లోపలికి జరిగిన చప్పుడయింది.

"బాపూ, నీకు ఎన్నంగలంటివి?"

"ఇరవై ఏడు."

ముక్కు చీదుకుని అంది, "నాకు ఏడు బండలే గదా."

ఈనాటికీ ఏ గోడ దగ్గరికి పోయినా టేపు తీసేముందు ఒకసారి నా కుడిచేతిని చూసుకుంటాను. చాలా గోడలు కొలిచిన చెయ్యి. దాని వల్ల అయిన మంచి పని మాత్రం ఒకటే అనిపిస్తుంది. ఆరంగల దూరంలో నోరు తెరిచిన తమ్ముడి ముందు అది విసరకుండా పైనే ఆగిపోయింది.