పడుగు పరిచిన రోజు వెలిగిన ఎర్ర బుడ్డి

మా మేనమామ పర్వతాలుకు ముక్కు మీదే కోపమని దేవరకొండ చుట్టుపక్కల అందరూ అనేవాళ్లు. ఆ కోపం ఎవరు తెప్పించారో అడిగే తీరిక మాత్రం ఒక్కడికీ ఉండేది కాదు. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ మాట చెవిన పడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన దేవుడని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన నోరు మంచిది కాదు. పొద్దుగూకితే కల్లు తాగేవాడు. మా అత్త బీరమ్మతో పోట్లాడకుండా ముద్ద మింగేవాడు కాదు. కానీ స్టీరింగు పట్టిన రోజు చుక్క ముట్టలేదు. సరిగ్గా ఆ విషయంలోనే ఆయన మీద అబద్ధం వేశారు.

మాది కురుమల కుటుంబం. మంద పంచుకున్నప్పుడు మామ తన వంతు గొర్లను అమ్మేసి హైదరాబాదు పోయాడు. అక్కడ ఒక కంట్రాక్టరు దగ్గర లారీలు కడుగుతూ డ్రైవింగు నేర్చుకున్నాడు. గొర్లను అమ్ముకున్నందుకు తాత ఆయనతో చాలాకాలం మాట్లాడలేదు. లైసెన్సుతో ఊరికి వచ్చాక వెంకటరాజం సావుకారి లారీ మీద చేరాడు. సావుకారిది సాలెల ఇల్లు. వాళ్ల నాయిన కాలం దాకా మగ్గం నేసినవాళ్లే. ఈయన మగ్గం దిగి నూలు వ్యాపారంలో పడ్డాడు, ఆముదాలు కూడా కొనేవాడు. వీధంతా సాలెల ఇళ్లు, ఆ వీధి చివర సావుకారి ఇల్లు, ఇంటి వెనక లారీ నిలిపే రేకుల కొట్టం.

లారీ అంటే ఏదో ఊహించుకోవద్దు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలంలో వదిలించుకున్న బండి. నేను చెప్పేది అరవై రెండో సంవత్సరం మాట. కొత్త లారీలన్నీ సాగర్ పనులకు పోతుంటే మా దిక్కు ఇలాంటి ముసలి బండ్లే మిగిలాయి. దానికి క్లీనరును పెట్టే గుణం కూడా సావుకారికి లేదు. ఇంజను ముందు నీళ్ల టంకీ కారుతోంది, మాటు వేయించి చిల్లు పూడ్పిస్తానని మామ అంటే ఆ ఖర్చూ పెట్టలేదు. ఇక్కడి నుంచి ఆముదాల బస్తాలు జడ్చర్ల రైల్వే స్టేషనుకు తీసుకుపోవడం, అక్కడ దిగిన నూలు బేళ్లు ఇక్కడికి తేవడం, ఇదీ మామ పని. నేనప్పుడు జడ్చర్లలో ఒక నూనెమిల్లులో తూకం దగ్గర పనిచేస్తున్నాను. మామ వచ్చిన రోజు స్టేషను యార్డులోనే కలిసి అన్నం తినేవాళ్లం.

ఆ బండిలో స్టీరింగు పక్కన చిన్న ఎర్ర దీపం ఉండేది. ఇంజనులో నీళ్లు మరీ వేడెక్కితే అది వెలగాలి. డ్రైవర్లందరూ దాన్ని ఎర్ర బుడ్డి అనేవాళ్లు. ఆ ఎండాకాలం అది మామను ఏడిపించడం మొదలుపెట్టింది. ఒకరోజు డిండి దాటి ఎత్తు ఎక్కుతుంటే వెలిగేది. బండి ఆపి, ముందు రేకు ఎత్తి, వేడి తగ్గేదాకా కూర్చుంటే ఆరిపోయేది. టంకీ మూత తీసి చూస్తే నీళ్లు కాస్త తగ్గి ఉండేవి, అంతే. మరో రోజు అదే ఎత్తు, అదే బరువు, అయినా వెలిగేది కాదు.

జడ్చర్ల మెకానిక్ దుర్గయ్య చూసి, వైరు ఎక్కడో రేకుకు రాసుకుంటోందన్నాడు. కొత్త వైరు వేశాడు. నాలుగు రోజులు నిమ్మళంగా గడిచాయి, మళ్లీ వెలిగింది. బల్బు మార్చాడు, మళ్లీ వెలిగింది. చివరికి దుర్గయ్య చేతులు దులుపుకున్నాడు.

"నీ బుడ్డికి పిచ్చి లేశింది పర్వతాలూ. ఇంజన్ మంచిగనే ఉన్నది, బుడ్డే అబద్ధం చెప్తాంది. దాన్ని సూడకుండ నడుపు."

"అబద్ధమని నీకెట్ల తెల్సు? ఇంజన్ కాలిపోతె నువ్విస్తవా?" అని మామ ఆయన మీద లేచాడు.

మామకు ఒకటే భయం. ఇంజను కాలితే ఆ నింద తన మీదే పడుతుంది. గొర్రె రొప్పుతుంటే మందను ఆపి నీడకు తోలే ఇంట్లో పుట్టినవాడు, బుడ్డి వెలిగితే చూడనట్టు ఎట్లా పోతాడు? వెలిగిన ప్రతిసారీ ఆపాడు. ఆపిన ప్రతిసారీ ఆలస్యమైంది. ఒకరోజు వ్యాగన్లు కదిలిపోయాక గాని ఆముదాలు స్టేషను చేరలేదు. ఆ రోజు సావుకారి బస్సులో ముందే వచ్చి యార్డులో కాచుకొని ఉన్నాడు.

హమాలీలందరూ ఉన్నారు. వాళ్ల మేస్త్రి లింగస్వామి ఉన్నాడు. దుర్గయ్య ఉన్నాడు. నేనూ ఉన్నాను.

"ఏ కల్లు దుకాణం కాడ పన్నవురా?" అన్నాడు సావుకారి.

"ఎర్ర బుడ్డి ఎలిగింది సావుకారి, ఆగిన."

"బుడ్డి బుడ్డి అని నాకు కథలు చెప్పకు. దుర్గయ్య చెప్పనే చెప్పిండు, ఇంజన్‌ల ఏం లేదని. తాగి పండుకొని బుడ్డి మీద పెడుతున్నవ్. గొర్ల కాసెటోనికి లారీ ఇస్తె గిట్లనే ఉంటది. ఇంకొక్కపారి ఆపితె దిగి పో."

మామ పళ్లు పటపట కొరుకుతూ బస్తాల తాళ్లు విప్పడానికి పోయాడు. హమాలీలు కొందరు నవ్వారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఆ తర్వాత ఆయన యార్డులో ఎవరి పక్కన కూర్చున్నా వాళ్లు వాసన చూసేవాళ్లు. నేను కళ్లారా చూశాను. ఒకడైతే చూసి నవ్వాడు కూడా. మామ బదులు నేను వాడి చొక్కా పట్టుకున్నాను.

"ఇడ్సిపెట్టు," అన్నాడు మామ. "బుడ్డి సంగతి నేనే తేల్చుకుంట."

తేల్చుకునే పని మొదలైంది. వేడిని పసిగట్టి బుడ్డిని వెలిగించే ఇత్తడి బిరడా ఒకటి ఇంజనుకు బిగించి ఉంటుంది. కల్వకుర్తిలో చాయ్ హోటలు పొయ్యి పక్కకే బండి పెట్టి, ఆ బిరడాను ఊడదీసి, వైర్లు కలిపి, మరిగే నీళ్లలో ముంచాడు. నీళ్లు మరిగినప్పుడే బుడ్డి వెలిగింది, పైకి తీస్తే ఆరింది. అంటే బుడ్డి అబద్ధం చెప్పడం లేదు, ఇంజను నిజంగానే ఉడుకుతోంది. బరువు వల్లనా అని అనుమానించి, తిరుగు దారిలో నూలు బేళ్ల మీద ఉప్పు బస్తాలు కూడా వేసుకొని వచ్చాడు. వెలగలేదు. వచ్చేటప్పుడు ఏనాడూ వెలగలేదు. పోయేటప్పుడే వెలుగుతుంది, అదీ కొన్ని రోజులే.

ఏ రోజులు? ఇక్కడే ఆయనకు ఒకటి తట్టింది. సాలెలు పడుగుకు గంజి పెట్టే రోజున పొద్దున్నే నూలును వీధి పొడుగునా పరిచి, కుంచెలతో గంజి రాసి ఆరబెడతారు. ఆ పడుగు చుట్టేదాకా లారీ వీధి దాటడానికి వీల్లేదు. మామ వచ్చేసరికి గంజి పని అయిపోయి నూలు ఆరుతుండేది, ఆయన కొట్టంలో తిట్టుకుంటూ కూర్చునేవాడు. గుర్తు చేసుకుంటే, అట్లా కూర్చున్న రోజుల్లోనే దారిలో బుడ్డి వెలిగింది. ఈ మాట నాతో అన్నప్పుడు నేను నవ్వాను.

"పడుగు పరిస్తె బుడ్డి ఎందుకు ఎలుగుతది మామా?"

"గదే నాకు సమజైతలేదు. నవ్వకు, పండ్లు రాలగొడ్త."

ఆ తర్వాతి పడుగు రోజున బుడ్డి వెలగగానే మామ ఈసారి వేడి చల్లారేదాకా ఆగలేదు. గొంగడి చేతికి చుట్టుకొని టంకీ మూత తిప్పాడు. తెల్లటి నురుగు బుసబుస పొంగి బంపరు మీదుగా కారింది, పొయ్యి మీది అన్నంకుండ పొంగినట్టు. మామ ఆ నురుగును వేలితో తీసి వాసన చూశాడు. గంజి.

కింది కుళాయి విప్పి కడవలోకి పట్టాడు. జిగురు జిగురుగా పడింది. కడవలో కొంత ఉంచుకొని, టంకీ కడిగి, వాగు నీళ్లు పోసుకొని జడ్చర్ల పోయి వచ్చాడు. బుడ్డి మళ్లీ వెలగలేదు. సాయంత్రం ఆ కడవ తీసుకుపోయి సావుకారి అరుగు మీద పెట్టాడు. పని ముగించుకొని పోతున్న సాలెలు నలుగురు ఆగారు.

"గిదేంది సావుకారి?"

సావుకారి చూసి దాచలేదు, పైగా మురిసిపోయాడు. "గంజి. టంకీ కారుతుండె గదా, ఎప్పుడన్న కారుతుందా ఇప్పుడు? మాటు ఏపిస్త అంటివి. నూలుకు గంజి పెడితె సందులు పూడ్తయి, టంకీకి పూడవా? వీధిల మిగిలిన గంజి నేనే పోస్తున్న, నువ్వు రాకముందే."

ఎంత తెలివో చూడండి! తాతముత్తాతల నుంచి గంజితో నూలును నిలబెట్టిన ఇల్లు, ఇనుమును కూడా దాంతోనే నిలబెట్టబోయాడు. కారడం ఆగింది, నిజమే. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ గంజి పొంగి ఇంజను ఉడికేది. ఆపితే నురుగు దిగిపోయి ఏమీ జరగనట్టు కనిపించేది. కొంత పొంగి బయటికి పోయాక జడ్చర్లలో మామ బావినీళ్లు పోసేవాడు కాబట్టి తిరుగు దారిలో ఏమీ అయ్యేది కాదు. ఇన్నాళ్లూ తాను పోసిన గంజికి తాగుబోతు పేరు మామకు కట్టాడు.

"సరే," అన్నాడు మామ. "గంజి మీద నాకు కోపం లేదు, నీకు తెల్వక పోసినవ్. జడ్చర్ల యార్డుల నన్ను తాగుబోతన్నవ్. రేపు నాతోని వచ్చి గాడనే, గా మంది ముంగటనే, కాదని ఒక్క మాట చెప్పు. చాలు."

"గింత దానికి హమాలీల ముంగట నేను నిలవడాల్నా? గంజితోని ఇంజన్ కాలుతదని ఎవడన్నడు? నీకు బుడ్డి బీమారి పట్టింది." సావుకారి లోపలికి పోలేదు, నేరుగా కొట్టంలోకి నడిచి ఆ ఎర్ర బల్బును ఊడదీసి చెట్ల పొదలోకి విసిరేశాడు. "ఇగ బుడ్డి లేదు, లొల్లి లేదు. పొద్దుగాల బండెక్కు."

మామ తాళం చెవి అరుగు మీద పడేశాడు. "ఎక్క. నీ ఇంజన్ గీ గంజి తాగే సస్తది, సూడు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మనిషి వెంకటరాజం. కొత్త డ్రైవరును పెట్టుకున్నాడు, గంజి మానలేదు. చూపించడానికి బుడ్డి లేదు, ఆపేవాడు లేడు. వానలు పడకముందే డిండి ఎత్తు మీద ఇంజను పట్టేసి ఆగిపోయింది. లారీని ఎడ్లతో లాక్కొచ్చి కొట్టంలో పెట్టారు. అప్పుడైనా బుద్ధి వచ్చిందా? రాలేదు. పర్వతాలు నోరు తగిలి బండి చచ్చిందని వీధి వీధంతా చెప్పుకొచ్చాడు. తాగుబోతు పేరుకు తోడు, అన్న మాట తగిలే చెడ్డ నోరని, నరనోరు పేరు. ఈ మాట విన్న రోజు అత్త బీరమ్మ పొయ్యి ముట్టించకుండా ఏడ్చింది. మామ తన అన్న ఇంటికి పోయి, గొర్ల వెంట నడవడం మొదలుపెట్టాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సావుకారి ఒకరోజు మామ ఇంటికే వచ్చాడు. నోరు తగిలితే ఆ మనిషి బట్టలోంచి ఒక పోగు తెచ్చి, దిష్టి తీసి కాలుస్తారు మా దిక్కు. ఆ పోగు కోసం వచ్చాడు. ఒక్క మాట ఇవ్వనివాడు పోగు అడగడానికి సిగ్గుపడలేదు!

"ఇస్త," అన్నాడు మామ. "జడ్చర్ల యార్డుకు రా. గాడ అడుగు, ఇస్త."

వస్తాడని మేము అనుకోలేదు. వచ్చాడు. లారీ మీద అంత ఆశ. హమాలీలు బస్తాలు దించి చుట్టూ మూగారు.

"నీ ధోతిది ఒక పోగియ్యి పర్వతాలూ," అన్నాడు నేల చూస్తూ.

లింగస్వామి అడ్డం వచ్చాడు. "పోగెందుకు సావుకారి?"

"ఈన నోరు తగిలి బండి ఆగింది."

"నోరు ఊకెనె తగుల్తదా? నువ్వేమన్నవని గట్లన్నడు?"

సావుకారి మామ దిక్కు చూశాడు. మామ సాయం చేయలేదు.

"తాగి ఆపిండన్న."

"తాగిండా?"

"తాగలె."

"మరి బండెందుకు ఉడికింది?"

"గంజి పోసిన. నేనే."

మామ వాసన చూసి నవ్వి నా చేత చొక్కా పట్టించుకున్నవాడు కూడా ఆ గుంపులోనే ఉన్నాడు. తల దించుకున్నాడు. దుర్గయ్య బీడీ పారేసి షెడ్డులోకి పోయాడు. మామ ధోతి అంచు పట్టుకొని ఒక పోగు లాగాడు. అది తెగేదాకా లాగి సావుకారి చేతిలో పెట్టాడు.

"కాల్చుకో. దిష్టి నాదైతె పోతది. గంజి నీది."

ఇంతమంది ముందు అంతా ఒప్పుకున్న ఆ మనిషి, ఆ పోగును జేబురుమాలులో జాగ్రత్తగా మూటగట్టుకొని, బండి దగ్గర కాల్చడానికే పట్టుకుపోయాడు.