వరసలో చివరి మనిషి

కువైట్ ఎడారిలో అమెరికా సైనికుల క్యాంపు ఉంది. అక్కడి మెస్సులో నేను వడ్డించేవాణ్ణి. ఒక సార్జెంటు రోజూ వరసలో అందరికంటే వెనక నిలబడేవాడు. మా కడప వైపు పెద్దవాళ్లకే ముందు వడ్డిస్తాం. అందుకని ఇతనెవరో అందరికంటే చిన్న సిపాయి అనుకుని, నెల రోజులు అడుగున మిగిలిన ముక్కలే వేశాను. తన ముందు నిలబడే దళానికంతా పెద్ద ఆయనేనని తెలిశాక సిగ్గేసింది. మంచి కోడికాలు ఒకటి దాచిపెట్టి, ముందుకు రమ్మని పిలిచాను.

"మై బాయ్స్ ఫస్ట్," అన్నాడు, ఉన్నచోటు నుంచి కదలకుండా.

ఒక మధ్యాహ్నం క్షిపణులు వస్తున్నాయని సైరన్ మోగింది. కాంక్రీటు షెల్టర్ దగ్గర సైనికులకు దారి ఇచ్చి నేను పక్కకు జరిగాను. ఆయన నా భుజం పట్టుకుని లోపలికి తోశాడు. వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు అందరూ దూరాక తను వచ్చాడు.

తర్వాత ఆ దళం వెళ్లిపోయింది. మొన్న మళ్లీ సైరన్ మోగితే షెల్టర్ దాకా పరిగెత్తాను. గుమ్మం దగ్గర మాత్రం ఆగాను.

"పెద్దోడివి, ముందు నువ్వు పో అన్నా," అన్నాడు మా మెస్సులోకి కొత్తగా వచ్చిన రాయచోటి మనిషి.

"పెద్దోణ్ణి కాబట్టే ఆగినా. యల్లా, తొందరగా నువ్వు పోప్పా లోపలికి."