షరతు తీసేస్తే ఎంత?

పదివేలు చెప్పిన టెలిస్కోపుని ఏడువేలకి దించి తెచ్చుకున్నవాణ్ణి నేను. అమ్మినాయన ముఖంలో మర్యాద చెడకుండా, నా ముఖంలో కోరిక కనపడకుండా, వాళ్లింట్లో మజ్జిగ కూడా తాగి మరీ దించాను. ఇప్పటికీ నలుగురు కూర్చుని బేరాల ఊసెత్తితే ముందు ఈ సంగతే చెబుతాను. చెప్పినంతసేపూ గొప్పగానే ఉంటుంది. వినేవాళ్లు లేచి వెళ్లాకే కాస్త ఇబ్బంది. అంత నేర్పుగా చేసిన తప్పు నా జీవితంలో మరొకటి లేదు.

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, ఫోన్లలో కెమెరాలు కాస్త పనికొచ్చేవి వస్తున్న కాలం) గజపతినగరంలో మా ఇనుప సామాన్ల కొట్టులో నాన్న పక్కన కూర్చునేవాణ్ణి. డిగ్రీలో నాతో తిరిగినవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు విశాఖపట్నం, హైదరాబాదు వెళ్లిపోయారు. మొదట్లో వారానికోసారి ఫోన్ చేసేవారు, తర్వాత పండక్కి, ఆ తర్వాత ఇంట్లో కుళాయి మార్చాల్సొస్తే ధర అడగడానికి. రాత్రి తొమ్మిదింటికి షట్టరు దించి డాబా ఎక్కితే నేనూ, నీళ్ల ట్యాంకూ. ట్యాంకు నిండినప్పుడు అదైనా చప్పుడు చేసేది. అలాంటి ఒక రాత్రి ఫోనులో ఆకాశం ఫొటోలు తీసేవాళ్ల బృందం ఒకటి కనిపించింది. ఒకాయన గురుడి చారలు పెడితే కింద ముప్పై మంది మాట్లాడుకుంటున్నారు. ముప్పై మంది. నాకు గురుడి మీద కన్నా ఆ ముప్పై మంది మీద ఎక్కువ ఆశ పుట్టిందని ఇప్పుడైతే ఒప్పుకుంటాను, అప్పుడు మాత్రం విజ్ఞానం అనుకున్నాను.

నెల్లిమర్లలో ఒక ఫిడేలు మేష్టారు సొంతంగా అద్దం అరగదీసి టెలిస్కోపు కట్టుకున్నారనీ, ఇప్పుడు అమ్మేస్తారనీ మా కొట్టుకొచ్చే మేస్త్రీ చెప్పాడు. దీపావళి వెళ్లిన వారానికి బస్సెక్కి వెళ్లాను. మేష్టారు అరవై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటారు. జీవితమంతా ఫిడేలు పట్టుకోవడంతో ఎడమ భుజం పట్టేసింది. నాలుగడుగుల గొట్టం, దాని కింద చెక్క పీఠం. ఆ బరువు ఇక ఆయన డాబా మీదకి ఎత్తలేరు.

"పదివేలు నాయనా. దాంతోపాటు ఒక షరతు ఉంది. అమావాస్య అమావాస్యకీ దీన్ని ఇక్కడికి తేవాలి, మా డాబా మీదకి ఎత్తాలి. ఇద్దరం చూస్తాం. తెల్లారి నువ్వు పట్టుకుపో."

మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం, అమ్మేవాడు చెప్పే ప్రతి మాటలోనూ ఒక ఖర్చు దాక్కుని ఉంటుందని. పాత చెక్క, గీతలు పడ్డ రంగు చూపించి, రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్లి, ఎనిమిదిన్నరకి దించాను. అక్కడ ఆగిపోయింది. అప్పుడు నా బుర్ర పాదరసంలా పని చేసింది. నెలకోసారి రానూపోనూ బస్సు, లగేజీ, మోత కూలి. వెరసి ఇది షరతు కాదు, నా నెత్తిన పడే చాకిరీ.

"మేష్టారూ, షరతు తీసేస్తే ఎంత?" అన్నాను.

ఆయన నాకేసి కాసేపు చూశారు. (బేరంలో అవతలివాడు మౌనంగా ఉంటే మనం కదలకూడదు. నేను కదల్లేదు.)

"ఏడువేలు ఇయ్యి" అని లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చారు.

బస్సులో కండక్టరు దాన్ని బోరు పైపన్నాడు. "కాదు, చుక్కల్ని చూసేది" అంటే, "ఏదైతే ఏటి, లగేజీ టిక్కెట్టు వంద కొట్టాల" అన్నాడు. అరవైకి ఒప్పించాను. కొట్టు ముందు దింపగానే నాన్న వేలితో గొట్టాన్ని కొట్టి చూశాడు.

"ఒరే, ఇది కేజీ ఎంత పడిందేటి?"

"కేజీల్లెక్క కాదు నాన్నా. పదివేలది ఏడుకి తెచ్చాను."

"మరి ఆడు ఏడుకి ఎందుకిచ్చినాడో సూసుకున్నావా?" అన్నాడు. చూసుకున్నాను. ఆ రాత్రే చూశాను. అడుగున అద్దాన్ని పట్టుకున్న మూడు బిళ్లలూ, వాటి మరలూ కదులుతున్నాయి. పాపం, ఫిడేలు వాయించే మనిషికి ఇనుప సామాన్ల సంగతేం తెలుస్తుంది అనుకుని, కొట్టులోంచి మంచి స్క్రూడ్రైవరు తెచ్చి, మూడు మరలూ పళ్లు బిగపట్టి మరీ బిగించాను. వదులు మర ఉన్న సామాను మా కొట్టు గుమ్మం దాటదు, మా వంశ గౌరవం అలాంటిది.

ఆ తర్వాత నా ఆకాశంలో చుక్కలన్నీ మూడు మూలలతో వచ్చాయి. ఏ చుక్క చూసినా సమోసాయే. గురుడు కాస్త పెద్ద సమోసా. ఫోను నిలబెట్టే క్లిప్పొకటి నాలుగు వందల యాభైకి కొని, ఫొటో తీసి బృందంలో పెట్టాను. ముప్పై మంది కోసం ఎదురుచూస్తే ఒక్కడే పలికాడు, "ఏ హోటల్లోదండీ?" అని. ఆపైన నేను ఏమీ పెట్టలేదు. కానీ చూడటం మానలేదు. చలికాలం వెళ్లింది, ఎండాకాలం వెళ్లింది, వానలొచ్చి వెళ్లాయి. డాబా మీద నేనూ, ట్యాంకూ, సమోసాలూ. అప్పుడప్పుడు ఇది మేష్టారికి చూపిస్తే బాగుండుననిపించేది. వెంటనే, షరతు వద్దని డబ్బు తగ్గించుకున్నవాడివి ఏ ముఖంతో వెళ్తావు అనీ అనిపించేది. ఆ మాటకి నా దగ్గర జవాబు దొరకడానికి ఏడాది పట్టింది.

మళ్లీ దీపావళికి పది రోజులుందనగా గొట్టం మోసుకుని వెళ్లాను. మేష్టారు అద్దం వెనక్కి వంగి, మర మీద బొటనవేలు పెట్టారు.

"బిగించేశావేటోయ్?"

"వదులుగా ఉంటేనూ..."

"ఫిడేలు బిరడా అయినా ఇంత బిగించం. అద్దానికి ఊపిరాడాలి. నొక్కితే వంకర పోతాది. కాయితం ముక్క దూరేంత సందుండాల" అంటూ మూడు మరలూ తలో చుట్టు వదిలారు. రెండు నిమిషాల పని. ఏడాది సమోసాలు ఆ రెండు నిమిషాల్లో అయిపోయాయి.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?" అన్నారు.

"షరతు తీసేశాం కదండీ."

"షరతు తీసేశాం. తలుపు తీసెయ్యలేదు కదా."

నేను నేల చూపులు చూస్తూ, షరతు పేరు చెప్పి తగ్గించుకున్న పదిహేను వందలూ తిరిగి ఇచ్చేస్తాననీ, ఆ అమావాస్యల మాట మళ్లీ పెట్టమనీ అడిగాను. ఆయన మరలు చూసుకుంటూనే చెప్పారు. "బరంపురంలో సంగీతం బడివాళ్లు పిలిచారు నాయనా. సాయంత్రాలు ఎలాగూ ఖాళీయే కదా అని పోయిన నెలే మాటిచ్చేశాను. దీపావళి వెళ్లిన వారానికి వెళ్లిపోతాను. మధ్యలో ఒక్క అమావాస్యే ఉంది."

"అదొక్కటీ ఇవ్వండి."

"ఏమిస్తావు?"

"మీరే చెప్పండి, మరీ ఎక్కువ కాకుండా" అన్నాను. నిజంగా అనాలని అనలేదు, నోరు దానంతటది అనేసింది. మేష్టారు భుజం నొప్పి మరిచిపోయి, గోడకి ఆనుకుని మరీ నవ్వారు.

ఆ ఒక్క అమావాస్యా దీపావళే. ఊరంతా పొగ, చుక్క కాదు కదా పక్కింటి డాబా కనపడదు. ఊళ్ల పొగ దాటి భోగాపురం వైపు సముద్రం ఒడ్డుకి పోదామన్నారాయన. వ్యాపారస్తుడి కొడుకు దీపావళి రాత్రి కొట్టులో లేకపోవడమంటే చిన్న సంగతి కాదు. లక్ష్మీపూజ హారతి కళ్లకద్దుకుని లేస్తుంటే నాన్న అడిగాడు.

"ఈ ఏళప్పుడు యాపారం ఒగ్గేసి ఎక్కడికి?"

"చుక్కలు చూడ్డానికి నాన్నా, మేష్టారితో."

"ఏటొస్తాది?"

"ఏమీ రాదు."

హారతి పళ్లెం కింద పెట్టి, "సలిగా ఉంటాది, తువ్వాలు అట్టుకెళ్లు" అన్నాడు.

ఆటోవాడు, "పండగ పూట సముద్రానికి రమ్మంటన్నారు, పద్దెనిమిదొందలు అవుతాది బాబూ" అన్నాడు. నేను జేబులోంచి తీసి ఇచ్చేశాను. వాడే కంగారుపడి, ఇంతకీ ఏం పని మీద వెళ్తున్నారని రెండుసార్లు అడిగాడు.

నెల్లిమర్లలో మేష్టారిని ఎక్కించుకుని వెళ్లి, ఇసుకలో పీఠం పెట్టి గొట్టం నేనెత్తాను. మేష్టారు ఫిడేలు కమాను పట్టినట్టు రెండు వేళ్లతో దాన్ని తిప్పి, కృత్తికల మీద ఆపి, పక్కకి జరిగారు. చూశాను. మూలల్లేవు. సూదిమొనలాంటి చుక్కలు, గుప్పెడు, అంత దగ్గరగా, అంత నిశ్శబ్దంగా. ఫోను తీయబోతే, "ఫొటో తర్వాత, ముందు చూడు" అన్నారు. వలలు సర్దుకుంటున్న ఒక మత్స్యకారుడు దగ్గరికొచ్చి తల ఎత్తాడు.

"పిల్లలకోడిని సూస్తన్నారా?"

"అవును, కృత్తికల్నే. నువ్వూ చూడు" అన్నారు మేష్టారు. అతను చాలాసేపు చూసి, "ఇన్ని పిల్లలున్నాయా దీనికి" అని, ఇంకో మాటు చూసి, వలల దగ్గరికి వెళ్లిపోయాడు. మేమిద్దరం రాత్రి రెండు దాటేదాకా వంతులేసుకుని చూశాం. కొట్టు బయట, ఏడాదిలో నేను అంతసేపు ఒక మనిషి పక్కన కూర్చోవడం అదే మొదలు. చివర్లో నలభై ఫొటోలు తీస్తే ఒకదాంట్లో ఆరు చుక్కలు గుండ్రంగా పడ్డాయి. బృందంలో పెట్టలేదు. ఎందుకో పెట్టాలనిపించలేదు.

మేష్టారు బరంపురం వెళ్లిపోయారు. అప్పటి నాలోని ఆ బేరగాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టుకోవాలనీ ఉంటుంది. మొన్నొక రోజు కొట్టులో గిరాకీ లేనప్పుడు వాడి తరఫున లెక్క వేశాను. టెలిస్కోపు ఏడువేలు, లగేజీ టిక్కెట్టు అరవై, క్లిప్పు నాలుగు వందల యాభై, ఆటో పద్దెనిమిది వందలు. ఇవన్నీ చెల్లు, వీటితో పేచీ లేదు. షరతు తీసేయించినందుకు మిగిలింది పదిహేను వందలు. కొన్న నాటి నుంచి మళ్లీ వెళ్లేదాకా పదకొండు అమావాస్యలు. అన్యాయంగా రాయకూడదు కాబట్టి వానాకాలంవి నాలుగూ కొట్టేశాను, అప్పుడు మబ్బే. మిగిలినవి ఏడు. అంటే మేష్టారి పక్కన కూర్చోవలసిన రాత్రి ఒక్కోటి రెండు వందల పద్నాలుగు రూపాయలకి అమ్ముకున్నాను. భాగించగా రెండు రూపాయలు శేషం ఉంది. అదీ నా దగ్గరే ఉంది.