వసంతం ఆడానని చెప్పాను

మా బడిలో ఆఖరి బెంచీ పిల్లలది రోజూ ఒకటే ఫిర్యాదు. "టీచర్, ఇనబడ్నేదు!" బొబ్బిలిలో ఒక ప్రైవేటు బడిలో ఆరో తరగతికి తెలుగు చెబుతాను. చిన్నప్పటి నుంచీ నా గొంతు అంతే. మాట్లాడటం కంటే చదువుకోవడం తేలిక నాకు, చదివినదాని గురించి డైరీలో రాసుకోవడం ఇంకా తేలిక. అలాంటిదాన్ని కోర్టులో నిలబడి, నా ఒంటి మీద ఒకడు చెయ్యి వేసిన సంగతి అందరికీ వినబడేలా చెప్పాల్సి వచ్చింది. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

అది మా పిన్ని పెద్దకూతురి పెళ్లిలో జరిగింది. మా వైపు పెళ్లయిన మర్నాడు వసంతం ఆడతారు. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రగా తిరుగుతాయి. ఆ నీళ్లు గంగాళం నిండా పోసి వాకిట్లో పెడతారు. పెళ్లికొడుకు తరఫు మగపిల్లలు మాకు బావల వరస, మేం వాళ్లకి మరదళ్లం. చెంబులతో ఒకరి మీద ఒకరు పోసుకోవడం, వెక్కిరించుకోవడం. ముసలివాళ్లు అరుగుల మీద కూర్చుని ఎవరు గెలిచారో చెబుతారు.

ఎప్పుడూ మూలన ఉండే నేను ఆ రోజు ఆడాను. పెళ్లికొడుకు పెదనాన్న కొడుకు నెత్తిన చెంబెడు నీళ్లు కుమ్మరించి, "ఏటి బావా, సాలా? ఇంకో సెంబు తెమ్మంటావా?" అన్నాను. అరుగులన్నీ నవ్వాయి. నేనూ నవ్వాను.

ఆట అయిపోయింది, గంగాళం ఖాళీ అయింది. చేతులు కడుక్కుందామని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లాను. నేను నీళ్లు పోసిన ఆ బావ వెనకే వచ్చాడు. నడుము పట్టుకుని దగ్గరికి లాగాడు. రెండో చెయ్యి రవికె మీద వేశాడు. "మరదలివే కదే" అన్నాడు. నాకు అరుపు రాలేదు. పెనుగులాటలో కుళాయి కింది బిందె కాలికి తగిలి దొర్లింది. ఆ చప్పుడుకి మా పిన్ని వచ్చి చూసింది.

"ఎవుడ్రా నువ్వు! వదల్రా దాన్ని!" అని చేతికందిన చీపురు తిరగేసింది. అతను గోడ దూకాడు.

ఆ సాయంత్రమే పిన్ని నన్ను పోలీసు స్టేషనుకి తీసుకువెళ్లింది. కూతురి అత్తవారింటితో తగువు పెట్టుకుంటున్నానని ఆవిడకి తెలుసు. "రేపటికైతే నా బుద్ధి మారిపోతాది. నడు" అంది. స్టేషన్లో ఆడ కానిస్టేబులు మంచినీళ్లిచ్చి అడిగింది. నేను నోరు తెరిచేలోపే పిన్నే చెప్పింది, వాళ్లు రాసుకున్నారు.

"మీ పిల్ల కూడా వసంతం ఆడిందా?"

"లేదమ్మా! దాని సంగతి మీకు తెల్దు. గుమ్మం దిగనేదు. వంటింట్లోనే ఉన్నాది."

మా ఇళ్లలో ఎవరైనా ఆ తప్పే చేస్తారు. ఆడపిల్ల నవ్విందని తెలిస్తే తప్పు ఆమెదే అంటారన్న భయంతో, ముందుగా ఆమె నవ్వునే దాచేస్తారు. చదివి వినిపించారు. నేను సంతకం పెట్టాను.

కొత్త శిక్షా చట్టంలో, ఆడవాళ్ల మీద దౌర్జన్యానికి వర్తించే డెబ్బై నాలుగో సెక్షన్ కింద కేసు కట్టారు. రుజువైతే ఏడాదికి తక్కువ కాకుండా ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. అతన్ని అరెస్టు చేశారు. కొన్నాళ్లు రిమాండులో ఉండి బెయిలు మీద వచ్చాడు. అప్పుడు వాళ్ల పెద్దలు ముగ్గురు మా ఇంటికి వచ్చారు.

"బావా మరదళ్ల సరసం, బావు. దానికి జైలేటి?" అన్నాడు ఒకాయన మా నాన్నతో. "రాజీ అయిపోదాం."

ఇది ఇద్దరూ రాజీ పడితే కోర్టు కొట్టేసే సెక్షన్ కాదని వాళ్ల వకీలే వాళ్లకి చెప్పాడట. అందుకని ఇంకో దారి తెచ్చారు. "కోర్టులో పిల్ల 'నాకు గుర్తు నేదు' అంటే సాలు. కుర్రోడి ఉద్యోగం నిలబడతాది."

మా నాన్న వ్యవసాయం చేస్తాడు. మాటలు తక్కువ, నాకు వచ్చింది ఆయన పోలికే. నా వైపు తిరిగి, "గుర్తున్నాదా నీకు?" అన్నాడు.

"ఉన్నాది."

"మరైతే ఉన్నాదనే సెప్తాది" అని వాళ్లకి టీలు తెమ్మన్నాడు. వాళ్లు టీ తాగే వెళ్లారు. మా ఇంట్లో తగువులు కూడా అలాగే ఉంటాయి.

విచారణకి ముందు, ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ గారు నన్నూ పిన్నినీ కోర్టులో తన గదికి పిలిచారు. శ్రీకాకుళం ఆవిడ. కాగితాలు పక్కన పెట్టి సూటిగా అడిగారు.

"వాళ్ల దగ్గర పెళ్లి వీడియో ఉన్నాదట. అందులో నువ్వు సెంబు పట్టుకుని పకపకా నవ్వుతున్నావట. ఇక్కడేమో గుమ్మం దిగలేదని రాసుంది. ఏది నిజం?"

"వీడియో" అన్నాను.

"అయితే నిజమే చెప్పు. అబద్ధమని తేలితే ఆ ఒక్క సెంబు నీళ్లలో కేసంతా కొట్టుకుపోతాది. నిజం చెప్తే నిలబడతాదని మాటివ్వలేను. కానీ నిలబడ్డానికి దారంటూ ఉంటే అదొక్కటే."

బయటికి రాగానే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "ఆడానని సెప్పకే. వీడియోలో ఉన్నది నువ్వు కాదని సెప్పు. అక్క అని సెప్పు."

"అక్క పెళ్లికూతురు పిన్నీ. నుదుట బాసికంతో పక్కనే నిలబడుంటాది."

"ఓలమ్మా, అదొకటుంది కదా!" అని నెత్తి కొట్టుకుంది. ఇద్దరం కోర్టు మెట్ల మీద కూర్చుని నవ్వాం. కేసు మొదలయ్యాక నేను నవ్వడం అదే మొదలు.

నా సాక్ష్యం రోజున జడ్జిగారు సంబంధం లేనివాళ్లని బయటికి పంపించారు. పిన్ని కూడా సాక్షి కాబట్టి వరండాలోనే ఉండిపోయింది. పేరు, ఊరు చెప్పేసరికే జడ్జిగారు, "గట్టిగా చెప్పమ్మా, టైపు చేసేవాళ్లకి వినబడాలి" అన్నారు. మళ్లీ చెప్పాను. మళ్లీ అదే మాట. గది ఆ చివర తలుపు దగ్గర నిలబడ్డ ముసలి బంట్రోతు, తెలియకుండానే చెయ్యి చెవికి ఆనించుకున్నాడు. మా ఆఖరి బెంచీ పిల్లలు అచ్చం అలాగే చేస్తారు. నేను జడ్జిగారిని, అతన్ని, వకీళ్లని చూడటం మానేసి, ఆ బంట్రోతుకి పాఠం చెబుతున్నట్టు చెప్పాను. అతని చెయ్యి కిందికి దిగింది. ఏపీపీ గారు అడగకముందే, వసంతం ఆడాననీ, కాగితంలో ఉన్నది తప్పనీ చెప్పేశాను.

తర్వాత ముద్దాయి తరఫు వకీలు లేచాడు. చెడ్డవాడేమీ కాదు. ఒక్కసారి కూడా నన్ను ఏకవచనంలో పిలవలేదు.

"బావా మరదళ్ల సరసాలు మీ వైపు ఆచారమేనా?"

"ఆచారమేనండి."

"ముందు నీళ్లు పోసింది మీరేనా?"

"నేనేనండి."

"బావా అని పిలిచి నవ్వారు కూడా."

"నవ్వానండి."

"ఆయన కూడా అదే ఆట ఆడాడని నేనంటున్నాను."

ఇంట్లో అద్దం ముందు ఎన్నో జవాబులు అనుకుని వచ్చాను. ఇది వాటిలో లేదు. "ఆట అందరి ముందూ ఆడతారండి. నేను పోసినప్పుడు ఊరంతా చూసింది. ఆయన ఎవరూ లేనిచోటికి వచ్చాడు. పిన్ని కనబడగానే గోడ దూకాడు" అన్నాను.

వకీలు, నేను చెప్పిందంతా కల్పన అని పద్ధతి ప్రకారం ఒక మాట అని, నేను కాదన్నాక కూర్చున్నాడు.

ఇంకో వాయిదాలో పిన్ని వంతు. అబద్ధం ఎందుకు చెప్పారని ఆ వకీలు అడిగితే పిన్ని, "నీకు ఆడపిల్లలున్నారా బాబూ?" అంది. ప్రశ్నకి జవాబు చెప్పమన్నారు జడ్జిగారు. "భయమేసి సెప్పినాను. వసంతం ఆడనేదన్నది అబద్ధం. పెరట్లో నేను సూసింది నిజం. రెండూ రాసుకోండి" అంది. బల్ల వెనక ఎవరో దగ్గు వచ్చినట్టు నోరు మూసుకున్నారు.

తీర్పులో ఏడాది జైలు, జరిమానా. సాక్షి తనకు ఇబ్బంది కలిగే సంగతి కూడా దాచకుండా చెప్పింది కాబట్టి మిగతా మాటల్ని నమ్మవచ్చని జడ్జిగారు రాశారట. ఏపీపీ గారు ఆ భాగం చదివి వినిపించి, వెన్ను తట్టారు. అతను అప్పీలుకి వెళ్లాడు, శిక్ష ప్రస్తుతానికి ఆగింది. ఉద్యోగం పోయిందని విన్నాను. అప్పీలులో ఏమవుతుందో తెలియదు. కానీ నేను చెప్పాల్సింది చెప్పేశాను. మళ్లీ కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

ఈ వేసవిలో, బడికి సెలవులు ఇవ్వకముందే, పిన్ని రెండో కూతురి పెళ్లయింది. మర్నాడు గంగాళం వాకిట్లో పెట్టారు గానీ, ఎవరూ చెంబు ముట్టలేదు. అందరూ నన్ను చూడకుండా చూస్తున్నారు. అక్క మొగుడు, ఆ ఇంటివాడే అయినా మొదటి నుంచీ మా వైపు మాట్లాడిన బావ, గంగాళానికి అవతల వచ్చి నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని తల వంచాడు.

"పోసెయ్ మరదలా. సెంబుతోనే సుమా, బిందె ఎత్తకు."

పోశాను. ముక్కులోకి నీళ్లు పోయి ఆయన తుమ్ముతుంటే అరుగులు నవ్వాయి. ఆ తర్వాత ఎవరి చెంబు ఎవరి మీద పడిందో తెలియదు.

సోమవారం బడికి వెళ్లేసరికి నా గోళ్ల సందుల్లో ఎరుపు ఇంకా వదల్లేదు. ఏటది టీచర్ అని పిల్లలు అడిగారు. వసంతం ఆడానని చెప్పాను. ఆఖరి బెంచీ నుంచి ఎవరూ ఫిర్యాదు చేయలేదు.