వెనిస్ బండిలో మా అన్న టికెట్

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. గుంతకల్లులో బడిపిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. ల్యాబు గదిలో ఎవరో తిరుగుతున్నారని ఆయా వణికిపోతే, ఊగుతున్న కిటికీ రెక్కకు గొళ్లెం పెట్టి చూపించిన మనిషిని. ఇప్పుడైనా నమ్ముతున్నానని అనను. జరిగింది చెబుతాను, అంతే.

మా చంద్రన్న గూడ్స్ బండ్లకు గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. వదిన పోయింది, పిల్లలు లేరు. నా దగ్గరే ఉండేవాడు. గుండె బాగా బలహీనపడిందని, మందులతో నెట్టుకురావడమేనని డాక్టరు చెప్పేశారు.

అప్పుడు పట్టుకుంది ఆయనకు యూరప్ పిచ్చి.

"ఆడ ఒక దేశంలో ఎక్కి ఇంకో దేశంలో దిగొచ్చంట పద్మా. నడుమ ఎవరూ ఆపరంట. ఒక్కసారి ప్యాసింజరు మాదిరి కిటికీ పక్కన కూచ్చోని పోవల్ల."

కాదనడానికి నోరు రాలేదు. వీసాకు బెంగళూరు పోయి వేలిముద్రలు ఇచ్చి వచ్చాం. వియన్నా నుంచి వెనిస్‌కు పగటి బండి చూశాం, కొండలు కనబడాలని. అక్కడ టికెట్టు వేరు, సీటు రిజర్వేషను వేరు. మ్యాపు ముందేసుకుని, కొండలు ఏ వైపు వస్తాయో లెక్కగట్టి ఎదురెదురు కిటికీ సీట్లు ఆయనే ఎంచాడు. ఇద్దరి టికెట్లూ నా ఫోన్లోకి వచ్చాయి. ఒక కాపీ ప్రింటు తీసి సూట్‌కేసులో పెట్టాను.

రోజూ పొద్దున ఆ సూట్‌కేసు లాక్కుంటూ గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద నడిచేవాడు, అలవాటు కావాలని. మొదట ఈ చివర నుంచి ఆ చివరిదాకా. తర్వాత సగం. తర్వాత టీ కొట్టు దాకా. నేను చూస్తూనే ఉన్నాను.

వీసా వచ్చిన వారానికే పడిపోయాడు. అనంతపురం ఆసుపత్రిలో చేర్పించాం. టికెట్లు రద్దు చేయాలన్న ధ్యాసే లేదు.

ఆ బండి బయల్దేరాల్సిన రోజుకు ఆయన కళ్లు తెరవక రెండు రోజులైంది. సాయంత్రం అయిదుంబావు. వార్డులో ఇంకా ఎండ ఉంది. ఉన్నట్టుండి పెదవులు కదిలాయి.

"పద్మా, నీ సీటు ఖాళీగా ఉండాదే?"

"ఈడే ఉండా అన్నా, నీ పక్కనే."

"ఈడ లేవు నువ్వు. కొండలొచ్చినాయి చూడు."

మళ్లీ మాట్లాడలేదు. చీకటి పడకముందే పోయాడు.

దినాలయ్యాక టికెట్లు తీసేద్దామని ఫోన్ తెరిచాను. నా టికెట్టు ఎదురుగా, వాడలేదు అని ఉంది. అన్న టికెట్టు ఎదురుగా, బండిలో తనిఖీ అయింది అని ఉంది. అదే రోజు. అక్కడి టైమును మన టైములోకి మార్చి చూశాను. అయిదుంబావు.

ఆ రోజంతా ఫోన్ నా చేతిలోనే ఉంది. ప్రింటు కాపీ తాళం వేసిన సూట్‌కేసులో, పెట్టింది పెట్టినట్టే ఉంది. కంప్యూటరు పొరపాటని మా బంధువొకాయన అన్నాడు. అయ్యుండొచ్చు. ఆ రైలు వాళ్లకు మెయిలు రాశాను. రెండు ముక్కల్లో జవాబిచ్చారు. టికెట్టును సిబ్బందే తనిఖీ చేశారట. ప్రయాణికుడు ఎక్కడ దిగిందీ వాళ్ల దగ్గర నమోదు కాదట.

అది ఎలా జరిగిందో నాకు తెలియదు. ఇక తెలుస్తుందన్న ఆశా లేదు. ఆయన పిలిచినప్పుడు నేను వెంట లేను. అదొక్కటే తెలుసు.