అందరూ వచ్చాకే అన్నం

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నేను లేచి నా పని చూసుకునే రకాన్ని. మా పుట్టింట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా దిష్టి అనేవారు. నేను మాత్రం గోలీ వేసుకుని పడుకునేదాన్ని. తర్వాత పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగులో చేరాను. పగిలిన గోలీని కంటితో చూసి పక్కకు తీయడమే నా పని. చూడనిదాన్ని చూశానని చెప్పడం నాకు చేతకాదు. అందుకే ఈ సంగతి ఇంతకాలం ఎక్కడా చెప్పలేదు.

మా ఆయన పేరు యాదగిరి. వాళ్ళది కొండాపూర్ మండలంలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. బోరు ఎండిపోయాక ఆయన ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేరాడు. పోతిరెడ్డిపల్లిలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. మా సందు చివర రేకుల షెడ్డులో ఒక చిన్న క్రైస్తవ సంఘం ఉండేది. ఆయన మొదట పాటల కోసం వెళ్ళాడు, తర్వాత కొరింథు కోసం వెళ్ళాడు. ఆయన వెంట నేనూ వెళ్ళాను.

కొరింథు అంటే బైబిల్లో వచ్చే, రెండు సముద్రాల మధ్య ఉన్న పాత పట్నం. మా పాస్టరుగారు జోగిపేట మనిషి. ఆ పట్నం గురించి నెలల తరబడి చెప్పేవారు. ఓడల మీద వచ్చిన సరుకును కూలీలు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు భూమి మీద లాక్కుపోయేవారట. ఎక్కడెక్కడి మనుషులో వచ్చి బతికిన ఊరు. అక్కడి తొలి క్రైస్తవులు కలిగినవాళ్ళ ఇంట్లో కూడుకుని కలిసి తినేవారు. కానీ ఉన్నవాళ్ళు ముందే వచ్చి కడుపు నింపుకునేవారు. పని దిగి ఆలస్యంగా వచ్చిన కూలీలకు, బానిసలకు ఖాళీ గిన్నెలు మిగిలేవి. దాని మీద ఆ సంఘాన్ని మొదలుపెట్టిన బోధకుడు ఉత్తరం రాసి వాళ్ళకు గట్టిగా చీవాట్లు పెట్టాడట.

ఆ రోజు మా ఆయన ఇంటికొచ్చాక నవ్వుతూనే ఉన్నాడు. "సూసినవా, మన షిఫ్టోళ్ళ గోస గప్పటి సంది ఉన్నదే!" అన్నాడు. కొండాపూర్ మ్యూజియంలో అక్కడి తవ్వకాల్లో దొరికిన రోము నాణేలు ఉన్నాయని నన్ను తీసుకెళ్ళి చూపించాడు. కొరింథు కూలీలు మోసిన సరుకులో కొంత మన ఊరి నుంచే పోయిందేమో అన్నాడు. ఆయన ఉత్త పిచ్చి మారాజని నేను వెక్కిరించాను.

పాస్టరుగారు మా సంఘంలో ఒక నియమం పెట్టారు. నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం, ఆ తర్వాత ప్రేమవిందు, అంటే అందరూ కలిసి భోజనం. పొద్దున షిఫ్టుకు పోయిన చివరి మనిషి వచ్చి కూర్చునేదాకా ఎవరూ ప్లేటు ముట్టకూడదు. పిల్లలు ఏడ్చినా సరే. ఒకసారి కంపెనీ వ్యాను చెడిపోతే సాయంత్రం దాకా అందరం కడుపు పట్టుకుని కూర్చున్నాం. మా ఆయనకు ఆ నియమం ప్రాణం. బల్ల తీసుకునేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేవాడు కాదు, డ్యూటీ ఉన్నా అంతే.

ఆ ఆదివారం కూడా ఏమీ తినకుండానే డ్యూటీకి పోయాడు. నాలుగు ఇడ్లీలైనా తిని పొమ్మన్నాను. "జెర ఓపిక పట్టు, డ్యూటీ దిగినంక నీ చేతిదే తింట గద" అన్నాడు. అదే ఆఖరి మాట.

మధ్యాహ్నం నేను షెడ్డు వెనక వంట దగ్గర ఉన్నాను. అన్నం, పప్పుచారు, కోడికూర. షిఫ్టు వాళ్ళు వస్తున్న చప్పుడు వినిపించింది. బల్ల అయిపోయింది, పాట అయిపోయింది. నేను అక్కడి నుంచే కేకేశాను, "మా ఆయన వచ్చిండా?" అని.

"వచ్చిండు, చేతులు కడుక్కుంటుండు" అంది పాస్టరుగారి భార్య.

ఆ వెంటనే పాస్టరుగారు భోజనానికి ప్రార్థన చేశారు. మా ఆయనకు గిన్నె అడుగున పట్టిన అన్నం ఇష్టం. అది గీకి ఒక ప్లేటులో పెట్టి, పైన కూర వేసి, సుగుణమ్మ అనే పెద్దావిడ చేతికిచ్చి ఆయనకిమ్మన్నాను. వడ్డన ఒత్తిడిలో నేను షెడ్డులోకి పోలేదు. తర్వాత ప్లేట్లన్నీ నేనే కడిగాను. ఒక్కదాంట్లోనూ మెతుకు మిగలలేదు.

ఆరిన ప్లేట్లు సర్దుతుండగా ఫోను వచ్చింది.

పొద్దున మా ఆయన ఒక పెద్ద ట్యాంకు కడగడానికి లోపలికి దిగాడట. లోపల గాలి ఆడలేదట. మధ్యాహ్నం కాకముందే ప్రాణం పోయిందని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. ఇంటికి కబురు చేయడానికి కంపెనీ వాళ్ళకు అంతసేపు పట్టింది. అదే షిఫ్టు దిగిన మా సంఘం వాళ్ళకూ ఆ మాట పొక్కనివ్వలేదు. నేను అన్నం గీకి పెట్టే వేళకు ఆయన స్ట్రెచరు మీద ఉన్నాడు. అది విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. చేతికి అంటిన సబ్బు వాసన మాత్రం తెలుస్తూ ఉంది. ఆ తర్వాత చాలా రోజులు నాకు ఏదీ సరిగా తెలియలేదు, ఉప్పూ కారం కూడా.

ఊళ్ళో మా పొలం గట్టున మట్టి చేశాం. సంఘం వాళ్ళంతా వచ్చారు. అప్పుడు ఒక్కొక్కరు బయటపెట్టారు. ఆయన ఫ్యాను కింద కూర్చున్నాడని ఒకరు, కాదు తలుపు పక్కన అని ఒకరు. నీళ్ళ గ్లాసు అందించానని ఒకామె. ప్లేటు ఆయన చేతికే ఇచ్చానని సుగుణమ్మ ఒట్టు పెట్టుకుంది. నేను అందరినీ విడివిడిగా అడిగాను. కంపెనీ చొక్కాలన్నీ ఒక్క రంగే కదా, ఇంకొకరిని చూసి పొరబడి ఉంటారనుకున్నాను. ఆ రోజు వచ్చిన షిఫ్టు మనుషులను పిలిచి నిలబెట్టాను కూడా. ఆయన పొడుగు, ఆయన నడక వాళ్ళలో ఎవరికీ లేవు.

అన్నింటికంటే నాకు మింగుడుపడనిది వేరే. ఆయన రాకపోతే మా వాళ్ళు భోజనం మొదలుపెట్టరు. ఒక్కరు పొరబడవచ్చు. ఆకలి మీదున్న షెడ్డు నిండా మనుషులు, వాళ్ళలో ఒక్కరైనా యాదగిరి ఇంకా రాలేదని అనాలి కదా. ఎవరూ అనలేదు.

సంఘంలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. అంటే అందరి ముందు నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పడం. నేను ఒప్పుకోలేదు. చూసినవాళ్ళు చెప్పుకోండి, నేను చూడలేదు అన్నాను. మనసులో మంట కూడా ఉంది. అందరికీ కనబడ్డవాడు నాలుగడుగులు వేసి వంట దగ్గరికి రాలేకపోయాడా?

కానీ అసలు కష్టం ఊళ్ళో ఉంది. మా అత్తమ్మ తిండి మానేసింది. కొడుకు పరగడుపున పోయాడన్న మాట ఎవరి నోటి నుంచో ఆమె చెవిన పడింది. రోజూ షిఫ్టు దిగే వేళకు ప్లేటులో అన్నం పెట్టుకుని గడప మీద కూర్చునేది. తాను ముట్టేది కాదు, తీయనిచ్చేది కాదు. "తినకుంట పాయె నా కొడుకు. నాకెట్ల దిగుతది?" అనేది. చాయ్ నీళ్ళ మీద బతికింది. చూస్తుండగానే కట్టెపుల్ల అయింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే దక్కదని ఆర్ఎంపీ డాక్టరు నాతో చెప్పేశాడు.

సంఘమంటే ఆమెకు గిట్టదు. నా కొడుకుని వాళ్ళ మతంలోకి మలుపుకున్నారని పాస్టరుగారిని గడప తొక్కనివ్వలేదు. అందుకే ఆ ఆదివారం మాట ఆమె దగ్గర ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నమ్మని మాట ఎలా చెప్పను?

ఒక మధ్యాహ్నం ఆమె పక్కన గడప మీద కూర్చున్నాను. నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. అందరూ వచ్చాకే తినే నియమం, ఆయన వచ్చాడన్న మాట, సుగుణమ్మ పెట్టిన ఒట్టు. ఆమె రోడ్డు వైపే చూస్తూ విన్నది.

"నువ్వు సూసినవా బిడ్డా?"

"లేదత్తమ్మా. నేను సూడలే."

"మరి బువ్వ ఎవలు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన. అడుగన్నం గీకి పెట్టిన."

"ప్లేటు?"

"అన్ని ప్లేట్లు నేనే కడిగిన. ఒక్క మెతుకు మిగల్లే."

ఆమె రోడ్డు మీద నుంచి చూపు తిప్పింది. తర్వాత ముందున్న ప్లేటును ఒళ్ళోకి లాక్కుంది. చల్లారి గట్టిపడిన అన్నాన్ని నీళ్ళు చల్లి కలిపింది. మొదటి ముద్ద నమలలేక దగ్గింది, నేను వీపు రాశాను. రెండో ముద్ద నా నోటి ముందు పెట్టింది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

ఆ ప్లేటు వేరే ఎవరైనా తిని ఉండవచ్చు. మారు వడ్డించుకున్నవాళ్ళు ఉంటారు, పిల్లలు ఉంటారు. ఆ రోజు ఎవరు వచ్చి కూర్చున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మా అత్తమ్మ మాత్రం రెండు పూటలా తింటోంది.