మా మేనత్త చూసిన ఓడ సినిమా

మొన్న ఆదివారం మా మనవరాలు నన్ను ప్రొద్దుటూరులో ఒక సినిమాకు తీసుకుపోయింది. రాజుల నాటి ఓడల కథ. తుపాను, యుద్ధం, తెరచాపలకు అంటుకున్న నిప్పు, అన్నీ కళ్లు చెదిరేలా ఉన్నాయి గానీ, నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక చిన్న సన్నివేశం. ఓడ రేవు విడుస్తుంటే నాయకుడు ఒడ్డునున్న తల్లి వైపు తిరగడు, పలకడు, మెడ నరం ఒక్కటి కదులుతుంది. దర్శకుడు సంగీతం కూడా ఆపేసి మనల్ని ఆ మెడనే చూడనిచ్చాడు. ఆ నటుడి నిగ్రహానికీ, దాన్ని నమ్మిన దర్శకుడికీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఇలాంటివి పట్టి చూడడం నాకు నేర్పింది మా మేనత్త.

నా చిన్నప్పుడు మేము ముద్దనూరు దగ్గర పల్లెలో ఉండేవాళ్లం. పెళ్లయిన కొన్నాళ్లకే మామ పోతే, అత్త పుట్టింటికొచ్చి మాట మానేసింది. అడిగితే తల ఊపేది, పెడితే తినేది, గడప దాటేది కాదు. ఆ రోజుల్లోనే జమ్మలమడుగు టాకీసుకు ఒక ఓడ సినిమా వచ్చింది. నాయన తన చెల్లెల్ని తీసుకుపోతానన్నాడు. మా జేజి, అంటే నాయన తల్లి, ఒప్పుకోలేదు.

"ఊర్లోవాళ్లు ఏమనుకుంటార్రా?"

"ఏమన్నా అనుకోనీమ్మా. ఇట్లనే ఉంటే అది మనకు దక్కదు."

జేజి దువ్వెన తెచ్చి కూతురికి తల దువ్వింది.

నాయన, అత్త, నేను ఎద్దులబండిలో పోయినాం. మా ఇంట్లో సముద్రం చూసినవాళ్లు ఎవరూ లేరు. పెన్నకు నీళ్లొస్తే అదే మాకు పెద్ద వింత. ఆ సినిమాలో తుపాను ఏ నీళ్లతొట్టిలోనో తీసుంటారని ఇప్పుడు తెలుస్తుంది గానీ, ఆ పూట నేలటికెట్టువాళ్లు అలలు మీదికొస్తాయని కాళ్లు వెనక్కి లాక్కున్నారు. నావికులంతా కేకలు పెడుతుంటే ఓడ నాయకుడు నవ్వుతూ ధైర్యం చెప్తున్నాడు. అంతలో తెర మీద బొమ్మ అతని వీపు వెనక్కి పోయింది. వెనక కట్టుకున్న చేతులు వణుకుతున్నాయి.

"ఆయప్ప గూడా భయపడతాండాడు. వాళ్లకు తెలీనియ్యకుండా నిలబడుండాడు" అంది నా పక్కనుంచి ఒక గొంతు. అది అత్త గొంతని గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. నాయన తెర వైపే చూస్తూ పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు పొయ్యికాడ కూర్చుని అత్త సినిమా మొత్తం చెప్తుంటే, జేజి సంగటి కెలకడం మరిచి వింటూ ఉండిపోయింది. ఆ తర్వాత అత్త ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టి, టీచరు ట్రైనింగయి, రిటైరయ్యేదాకా పులివెందులలో పిల్లలకు పాఠాలు చెప్పింది. సెలవులకు నేను పోతే సినిమాకు తీసుకుపోయి, "ఏడ్చేవాళ్లను కాదు పాపా, ఏడుపు ఆపుకునేవాళ్లను చూడు" అనేది. నిండుగా బతికి, నవ్వుతూనే వెళ్లిపోయింది.

మొన్న ఇంటికొచ్చి ఆ సినిమా గురించి నోరు విప్పబోతే, కోడలు ముందే చూసేసిందట, పక్కింటావిడా చూసేసిందట. మంచిదే, ఆడవాళ్లు సినిమాకు పోవడానికి ఈ రోజు ఎవరినీ అడగక్కర్లేదు. నా ఈడువాళ్లు ఒప్పుకుంటారో లేదో గానీ, ఒకరు చూసొచ్చిన కథ కోసం ఇంకొకరు పొయ్యి ముందర కాచుకుని కూర్చునే ఆ సుఖం మాత్రం ఇప్పుడు ఎవరికీ లేదు.